పేరు తెలియని విసురు

కోలుకున్నవాళ్ల చేతి కదలికలను, చేతిని తానే కదిలించే మర తొడుగులో నింపి, భుజం పట్టేసినవాళ్లకు తొడగడం ఆ రోజుల్లో ఊరూరా మామూలే. అనకాపల్లిలో దోసెల బండి నడిపే నూకరత్నానికీ అలాంటిదే తొడిగారు. జడ వేసుకోలేక, గరిటె ఎత్తలేక ఏడ్చిన మనిషి చెయ్యి, ఎవరో మెల్లగా పట్టుకుని లేపినట్టు తలదాకా లేచింది.

చిక్కల్లా ఒక్కటే. లేచిన చెయ్యి చివర్లో ఒక విసురు విసిరేది. పెనం మీద పడాల్సిన పిండి ఎదుటివాళ్ల చొక్కాల మీద పడేది.

తొడుగు తీసేసే రోజున నూకరత్నం ఫిజియో రెహానాను అడిగింది, "ఎవరిదమ్మా ఈ చెయ్యి?" అని.

"పేరు చెప్పకూడదు పిన్నీ. సముద్రంలో వలేసే ఆయనది." రెహానా నొచ్చుకుంది. "మీ కదలికలు ఇంకొకరికి పంపేముందు ఆ విసురు తీసేస్తాలెండి."

"తియ్యకే తల్లీ! నన్ను లేపినోడి గురుతు అదొక్కటే గదా. ఆళ్లకీ తెలియనీ."

మర్నాడు పొద్దున్నే బండి దగ్గర ఆమె పొయ్యి వెలిగించింది. తొడుగు లేకుండా చెయ్యి లేస్తుందా? చెంబులో చెయ్యి ముంచి, కాలిన పెనం మీద నీళ్లు చిలకరించబోయింది. చెయ్యి తనంతట తాను లేచింది, అలవాటుగా విసిరింది. నీళ్లు వలలా విచ్చుకుని పెనమంతా చుయ్‌మన్నాయి.

నూకరత్నం సముద్రం ఉన్న వైపు తిరిగింది.

"సల్లగుండు నాయనా," అని, గరిటె అందుకుంది.