సున్నా నిమిషాల విజేత

"రెండో స్థానమా? నా ముందు ఈగ కూడా లేదండీ!"

కండక్టరమ్మ గొంతుకు టెంటు కింద ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా వినిపించే గొంతు మరి! మహిళల పరుగుపందెంలో మొదట వచ్చిన ఒక్కరికే జాతీయ పోటీకి పిలుపు. ఆ పిలుపు కోసమే ఆమె రోజూ డ్యూటీకి ముందు చీకట్లో లేచి పరిగెత్తింది.

"నూట ఒకటో నంబరావిడ మొదట వచ్చింది. కంప్యూటర్ చెప్పింది, నేను కాదు," అంది పందెం నడిపిస్తున్న సంఘం సెక్రటరీ మేడమ్.

"రిబ్బను కొస పట్టుకున్నది మీరే కదా! నేను తెంపడం చూళ్లేదా?"

"నేను కెమెరా వైపు చూస్తున్నానమ్మా. ఓటమిని హుందాగా ఒప్పుకోవాలి."

కండక్టరమ్మకు ఒళ్లు మండింది. ఫలితాల బల్ల దగ్గర కంప్యూటర్ ముందున్న ఆడపడుచు మీదికి వెళ్లింది. "ఏం పిల్లా, ఇంట్లో సాధించింది చాల్లేదా?"

"అయ్యో వదినా, నేనేం చేశాను?" అంటూనే ఆ పిల్ల స్క్రీన్ చూసి నాలుక కరుచుకుంది. "నూట ఒకటికి పట్టిన టైము... సున్నా నిమిషాలు!"

"మనిషా, మెరుపా?"

"మనిషే. పేరిచ్చి పరిగెత్తనిది ఈవిడొక్కతే. గీత దాటలేదు కాబట్టి టైము గడి ఖాళీగా ఉంది. ఖాళీ ఉంటే బాగోదని కంప్యూటర్‌ని సున్నా వెయ్యమన్నాను. తక్కువ టైము వాళ్లే కదా ముందుండేది, పోయి పైన కూర్చుంది."

"ఏమే, బస్సే ఎక్కనివాడు అందరికంటే ముందు దిగాడంటే నమ్ముతావా?"

ఆడపడుచు పకపకా నవ్వింది. ఖాళీని ఖాళీగానే ఉంచి, అలాంటి పేరును చివరికి పంపమని మార్చింది. జాబితా ఒక్కసారి కదిలింది. అన్నిటికన్నా పైన వదిన నంబరు!

"వదినా, నువ్వే!" అంటూ ఆ పిల్ల కుర్చీలోంచి లేచి వాటేసుకుంది. కండక్టరమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చుట్టూ ఈలలు, చప్పట్లు.

సెక్రటరీ మేడమ్ విసురుగా వచ్చింది. "ఎవరా నూట ఒకటి? పేరిచ్చి పరిగెత్తకుండా నా పరువు తీసింది! మైకులో చదువు, సిగ్గొస్తుంది."

"వద్దులెండి మేడమ్..."

"చదవమన్నానా!"

ఆడపడుచు వదిన వైపు ఓరగా చూసి, మైకు అందుకుంది.

"నంబరు నూట ఒకటి... నమోదు మొదలైన రోజు ఫొటో కోసం మొట్టమొదట పేరిచ్చిన మన సెక్రటరీ మేడమ్!"