పొడుగు ముక్క

"పడగొట్టు," అన్నారు గణపతిరావు మేష్టారు.

వంటగదికీ హాలుకీ మధ్య నడుమెత్తు లేచిన గోడ అది. ఆ మాట ఆయన అనడం మూడోసారి. పరదేశి మేస్త్రీ తాపీ కింద పెట్టేశాడు. సిమెంటు మాలు తట్టతో వస్తున్న అతని భార్య రాజ్యం ఉన్నచోటే ఆగిపోయింది.

"ఏటయింది మేస్టారూ? నిన్న మీరే సూసి బాగుందన్నారు కదండి."

"నిన్న సాయంత్రం చూసేను. వెలుతురు సరిగ్గా లేదు. ఈ మూల కాస్త పొట్ట వచ్చింది. దారం పట్టు, నీకే తెలుస్తంది."

దారం పట్టారు. దారానికీ గోడకీ మధ్య బియ్యపుగింజ కూడా దూరదు. అయినా గోడ పడిపోయింది.

మేష్టారు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎవరి పనిలోనైనా ఒక తప్పు పట్టందే ఆయనకి ముద్ద దిగదు. పొద్దున్నే మేస్త్రీ వెనకాల కుర్చీ వేసుకుంటారు. మాలు పల్చనైందంటారు, ఇటుక తడవలేదంటారు, తడిస్తే మరీ తడిసిందంటారు. ఆ కుర్చీ అక్కడున్నంతసేపూ పరదేశి పెట్టిన ఇటుకనే తీసి మళ్ళీ పెడుతుంటాడు.

ఆ రోజు సోమవారం. గృహప్రవేశం గురువారం. శుక్రవారం నుంచి మూఢం, మళ్ళీ రెండు నెలల దాకా ముహూర్తాలు లేవు.

"గురువారం నాకు వంటగదిలో పాలు పొంగాలి. పొంగలేదో, ఈ చోడవరంలో నీకు ఇంకెవడూ పనివ్వకుండా చేస్తాను పరదేశీ!"

అన్నంత పనీ చేసే మనిషే. పరదేశి భార్య మొహం చూశాడు. రాజ్యం పడిపోయిన గోడ ఇటుకలు ఏరడం మొదలెట్టింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పరదేశి సిమెంటు బస్తాల మీద చేరబడి, సంచిలోంచి అరచెయ్యంత ప్లాస్టిక్ పెట్టె ఒకటి తీశాడు. కీచుమని పాట మొదలైంది. ఆ ఏడాది బస్టాండు నుంచి మంగలి షాపు దాకా ఎవరి చేతిలో చూసినా అదే. చిన్న తెర మీద పైనుంచి ఇటుకలు పడుతుంటాయి. వాటిని తిప్పుకుంటూ సందు లేకుండా పేర్చాలి. వరస నిండితే మాయమవుతుంది.

"ఏటది?" మేష్టారు గుమ్మంలోకి వచ్చేశారు.

"గేమండి. మా తమ్ముడు వైజాగు నుంచి తెచ్చేడు."

"గోడ పడుకుంటే నువ్వు గేములాడతన్నావా? ఇలా తే."

"ఒక్క ఆటండి, మేస్టారూ..."

"తే అన్నానా!"

పరదేశి రెండు చేతులతో ఇచ్చేశాడు.

"రష్యాలో ఎవడో కంప్యూటరు మనిషి కనిపెట్టేట్ట, పేపర్లో చదివేను. పనిలేని వాళ్ళ పని. దీన్ని ఆపడం ఎలాగ?"

"నాకు తెల్దండి. ఇటుకలు పైదాకా నిండిపోతే అదే ఆగిపోద్ది."

ఆపుదామని మేష్టారు కళ్ళజోడు సర్దుకుని తెర వైపు చూశారు. ఆయన మొహం చిట్లింది.

"ఒరే, నువ్వు మేస్త్రీవేనా? ఇన్ని కంతలేటిరా? ఈ ముక్కని అడ్డంగా పడుకోబెట్టాలని తెలీదూ?"

"నాకేటి తెలుస్తాదండి."

"తిప్పేది ఏ మీట?"

పరదేశి చూపించాడు. మేష్టారు కుర్చీలో కూలబడ్డారు.

ఆ ఆటలో తమాషా ఏమిటంటే, సరిగ్గా పేర్చింది మాయమైపోతుంది, తప్పు మాత్రం కళ్ళెదుటే ఉండిపోతుంది. మేష్టారికి ఇంకేం కావాలి? ఒక తప్పు సవరించేసరికి ఇంకోటి. అదయ్యేసరికి మరోటి.

గంట తర్వాత పరదేశి అడిగాడు. "మేస్టారూ, దేవుడి గూడు ఎక్కడ ఉంచమంటారు?"

"నీ ఇష్టం. మాటాడించకు, పొడుగు ముక్క రావాలి నాకు."

ఆ పొడుగు ముక్క సరైన సందులో దిగితే నాలుగు వరసలు ఒక్కసారే పోతాయి. అది దిగినప్పుడల్లా మేష్టారు చిన్నపిల్లాడిలా తొడ మీద చరుచుకుంటున్నారు.

ఆయన భార్య తాయారమ్మగారు తెచ్చిన టీ చల్లారిపోయింది. ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఇంతసేపు నోరు మెదపకుండా ఈయన్ని పెళ్ళైన కాడ్నుంచి చూళ్ళేదే రాజ్యం! ఒంట్లో బాగానే ఉందంటావా?"

"బాగానే ఉన్నారమ్మగారూ. మీరలాగ కూకోండి," అంది రాజ్యం.

మంగళవారం గోడ కిటికీ ఎత్తు దాటింది. బుధవారం దీపాలవేళకి స్లాబు తగిలింది. ఎన్నాళ్ళకో పరదేశి పనిచేస్తూ కూనిరాగం తీశాడు.

గురువారం పొద్దున్న పాలు పొంగాయి. తాయారమ్మగారు రాజ్యానికి చీర పెట్టారు. మేష్టారు కొత్త గోడ నిమిరి, "ఇదెప్పుడు కట్టేవురా? భేషుగ్గా ఉంది," అన్నారు. పరదేశికి కళ్ళు చెమర్చాయి. ఆ ఇంట్లో అతను విన్న మొదటి మెప్పు అదే.

"మరి ఆ గేము ఇప్పించండి బాబూ. మా తమ్ముడు ఊరుకోడు."

మేష్టారు పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు ఇచ్చారు. "రేపు అనకాపల్లి వెళ్ళి ఒకటి కొనుక్కుంటాను," అన్నారు దిగులుగా.

మొగుడూ పెళ్ళాం రావికమతం ఆటో ఎక్కారు. అక్కడ సగంలో ఆగిపోయిన ఇల్లొకటి ఉంది. తాపీ, దారం, తూకం చూసే గుండు సంచిలో సర్దుతూ రాజ్యం అంది.

"ఈ ఇంటాయన ఇటుక ఇటుకకీ గుండు పట్టి సూస్తాడట మావా. ఇద్దరు మేస్త్రీలు పారిపోయేరట."

పరదేశి గేములో కొత్త బ్యాటరీలు వేశాడు. నాలుగు ముక్కల్ని కావాలని వంకరగా పడనిచ్చి, అది పని చేస్తోందని చూసుకుని సంచిలో అన్నిటికన్నా పైన పెట్టాడు.

"ఏం పరవాలేదే. మొన్న రోలుగుంటలో ఇల్లు కట్టించినాయన దీనికి అతుక్కోడానికి రెండ్రోజులు పట్టింది. మేస్టారికి ఒక్క పూటే సరిపోయింది."