లావు తీగ

చెల్లెలి చేతిలోంచి జారిపడి అన్నయ్య బేస్ గిటార్ మెడ విరిగింది. ఎంతో పేరున్న పాత గిటార్ అది. ఆమె హడలిపోయి, అచ్చం అలాగే కనిపించే తన చవక బేస్ గిటార్‌ను అన్నయ్య పెట్టెలో పెట్టింది.

సాయంత్రం రిహార్సల్ గదిలో అన్నయ్య దాన్ని వాయించాడు. లావు తీగ శ్రుతి తప్పి బొంగురుగా మోగింది. ఆమె దొరికిపోయాననుకుంది.

"విన్నావా? నీ డొక్కు గిటార్ తలకిందులుగా తపస్సు చేసినా ఈ గాంభీర్యం రాదు," అన్నాడు.

బతికిపోయాననుకుంది. మరుక్షణమే ఆ బొంగురు మోత గుర్తొచ్చింది.

"అన్నయ్యా, అది నాదే. నీది విరగ్గొట్టాను. లావు తీగ శ్రుతిలో కూడా లేదు. నీకు వినపడలేదా?"

"ఆ తీగ నా చెవులకు వినపడక నెల దాటిందమ్మా. బ్యాండులో ఎవరికీ చెప్పకు."

విరిగిన గిటార్ గురించి అతనేమీ అడగలేదు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. తర్వాత ఆ లావు తీగను తనే శ్రుతి చేసి అతనికిచ్చింది.