తప్పు పట్టని ఏడాది

శాక్సాఫోన్ వాయిస్తుండగా గార్గికి నడుమ ఊపిరి అందలేదు. శబ్దం ఆగిపోయింది, వేళ్ళు మాత్రం కదులుతున్నాయి.

"భేష్! ఇట్లే వాయించు," అన్నాడు తండ్రి భీమసేన, తొడ మీద తాళం వేస్తూనే.

చింతామణి గుడిలో నలభై ఏళ్ళు నాదస్వరం వాయించిన మనిషి. బెంగళూరు జాజ్ కచేరీల కోసం ఆమె కట్టే ప్రతి బాణీనీ మొదట వినేది ఆయనే.

గార్గి తల్లివైపు తిరిగింది. "అమ్మా, నాయనకు ఇనపడలేదా?"

"ఏడాదాయ," అంది జలజ. "చెవులు ఇంక రావన్నారు డాక్టర్లు. నీకు చెప్పద్దన్నాడు."

"మరి నా బాణీలు?"

"నీ వేళ్ళు చూసి చెప్తాండాడు."

ఏడాదిగా ఆయన ఒక్క తప్పూ పట్టలేదు. తనకు విద్య అబ్బిందనుకుంది గార్గి. ఆ నమ్మకంతోనే ఉద్యోగం మానేసింది.

ఆమె శాక్సాఫోన్ దించింది.

"ఎందుకు నిలిపేస్తివమ్మా? బాగా వస్తాండాది," అన్నాడు భీమసేన.