అయిదో ఎర్ర గింజ

ఇలా దగ్గరకి జరగండర్రా. చేతులాపక్కర్లేదు, చిక్కుళ్ళు ఒలుస్తూనే చెవులిటు పడేయండి. రత్నాలు ఓడిపోయిన ఆదివారం సంగతి ఇది.

హుకుంపేట దాటి, జీపు దిగి, రెండు కొండలెక్కితే గానీ ఆ రేకుల చర్చి కనబడదు. పాస్టరు అయ్యగారు నెలకోసారి వచ్చి ప్రభువు బల్ల, అదే రొట్టే ద్రాక్షరసమూ, ఇచ్చి వెళ్ళిపోతారు. మిగతా ఆదివారాలన్నీ సంఘ పెద్దవే. వాక్యం చదవాలి, ప్రార్థన నడపాలి, ప్రాణం పోయేవాళ్ళ మంచం పక్కన కూర్చోవాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆ పెద్ద రత్నాలే. మొగుడు పోయాడు, కడుపు పండలేదు. ఆ పెద్దరికమే ఆమెకి ఇల్లూ వాకిలీ.

ఆదివారం పుస్తకం తెరిచి ముందర పెట్టుకుంటుందే గానీ, కిందకి చూడదు. కీర్తన మీద కీర్తన నోటంట వచ్చేస్తుంది. "మా పెద్దమ్మకి పుస్తకమెందుకూ!" అని జనం మురిసిపోయేవారు.

ఆ ఏడు మంగరాజు పోటీకి దిగాడు. పట్నంలో చదువుకొచ్చినవాడు. వస్తూ వస్తూ మైకు కూడా కొనుక్కొచ్చాడు.

"అత్తా, నువ్వింక కూకో. మైకులో ప్రార్థన సేత్తే దేవుడికి బేగి ఇనబడతాది," అన్నాడు.

"దేవుడికి సెవుడేటిరా?" అంది రత్నాలు. చర్చి అంతా గొల్లుమంది.

పెద్దని ఎన్నుకునేది తొమ్మిదిమంది కమిటీ. నలుగురు మంగరాజు వైపు. మిగతా నలుగురూ, కనక, భీముడు, మాధవి, దేముడమ్మ, శనివారం సంత నుంచి తిన్నగా రత్నాలు ఇంటికొచ్చారు. అంబలి తాగారు. చేతిలో చెయ్యేశారు. ఆమె ఓటుతో కలిపి అయిదు.

"అయిపోయిందప్పా, నువ్వే," అన్నాడు భీముడు మూతి తుడుచుకుంటూ. అక్కడివాళ్ళకి అప్ప అంటే అక్క.

అందరిలోకీ దేముడమ్మ వేరు. ఇద్దరూ ఒకే రోజు బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఎక్కడికెళ్ళినా రత్నాలు చెయ్యి దేముడమ్మ భుజం మీదే. ఎన్నిక రోజునా అలాగే వచ్చారు.

కమిటీలో సగంమంది వేలిముద్రగాళ్ళు. అందుకని అక్కడ చీటీలుండవు. అయ్యగారు ఒక్కొక్కరి చేతిలో రెండు రాజ్మా గింజలు పెడతారు. ఎర్రది మంగరాజుకి, తెల్లది రత్నాలుకి. కావలసిన గింజ ఎండు సొరబుర్రలో వెయ్యాలి. రెండోది కిటికీలోంచి పారెయ్యాలి. ఎవరిదేదో పైవాడికే ఎరుక.

తొమ్మిదిమందీ వేశారు. అయ్యగారు బుర్రని బల్ల మీద వొంపి గట్టిగా చదివారు.

"తెల్లవి నాలుగు. ఎర్రవి అయిదు."

రత్నాలు నెత్తి బాదుకుంది. ఓడినందుకు కాదు. చేతిలో చెయ్యేసిన నలుగురిలో ఒకరు! తన అంబలి తాగిన నోటితో మాటిచ్చి, తన కొంపే తీశారు. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

మర్నాడు పొద్దున్నే నలుగురినీ పిలిపించింది. బైబిలు ముందర పెట్టింది.

"ఒట్టెయ్యండి."

కనక చెయ్యి పెట్టింది. "నాను తెల్లదే ఏసేనప్పా. నా కడుపున పుట్టిన గుంటల మీదొట్టు."

భీముడు పెట్టాడు. మాధవి ఏడుస్తూ పెట్టింది. నాలుగో మనిషి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఎవరూ?" అంది రత్నాలు.

"నానే అప్పా." దేముడమ్మ గొంతు.

"మరి రావేటి? సెయ్యెయ్యి."

"నన్నడక్కప్పా."

"అందరూ ఏసినారు. నీకేటొచ్చింది? సెయ్యెయ్యే!"

దేముడమ్మ ఆమె ముఖంకేసి చూసింది.

"నానే అనుకో అప్పా."

పిడుగు పడ్డా అంత అదిరిపోయేది కాదు రత్నాలు. మంగరాజు పగవాడు, వాడి మీద కోపమేముంది? ఇది దేముడమ్మ!

"నీ భుజం నమ్ముకున్నాను గదే," అంది చివరికి. "మంగరాజు ఏటిచ్చినాడు నీకు? మైకా?"

"ఏటీ ఇవ్వలేదప్పా."

"ఉత్తినే అమ్మేసినావా నన్ను? ఏసుని అమ్ముకున్న ఆ యూదాయే నయం, ముప్పై నాణేలైనా పుచ్చుకున్నాడు."

దేముడమ్మ కళ్ళు ఏరులైపోతున్నాయి. ఎదురుగానే ఉన్నా రత్నాలు గొంతు రవ్వంత మెత్తబడలేదు.

"నా గడప తొక్కకు. నా సావుక్కూడా రాకు."

రెండేళ్ళయింది. రత్నాలు ఇప్పుడు చేతికర్ర పొడుచుకుంటూ ఒక్కతే చర్చికొస్తుంది. "ఎన్నుపోటు తిన్నదానికి కర్రే దిక్కు," అంటుంది అడిగినవాళ్ళతో. దేముడమ్మ అందరికన్నా వెనక చాప మీద కూర్చుంటుంది. "ఇస్కరియోతు యూదా వచ్చిందిరోయ్" అని కుర్రకారు గొణుగుతారు. రత్నాలుకి అది వినబడుతుంది, వద్దనదు. దేముడమ్మ ఒక్కనాడూ నోరు విప్పలేదు.

ఈ కథ మనసులో పెట్టుకుని రేపు మీరింకొకరికి చెప్పేటప్పుడు, నా మాటల్లో ఏది మరిచిపోయినా ఈ ఒక్కటీ మాత్రం చెప్పండర్రా: రెండు కళ్ళకీ పొరలు కమ్మి ఎరుపూ తెలుపూ తెలియకుండా పోయినా ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ పొక్కనివ్వని రత్నాలు, తెల్లదనుకుని ఎర్ర గింజని తన చేత్తో తనే బుర్రలో వేసుకుంటుంటే, పక్కనున్న దేముడమ్మ ఒక్కతే చూసింది.