సెలవుల ముందు నింపిన నీళ్ళు

రవిచంద్ర మాస్టారు వాల్వు తిప్పగానే బడి ట్యాంకులోని నీళ్ళు దబదబా నేలపాలయ్యాయి. ఆయా జాన్‌బీ పరుగున వచ్చి కింద బిందె పెట్టింది.

"ఏంది సారూ ఇది? మనూళ్ళో నీళ్ళిట్టా పారబోసే రోజులా?"

"ఇవి ఎప్పటివి పిన్నీ?"

"ఎండాకాలం సెలవులిచ్చిన నాటివి. దుర్గి నుంచొచ్చే నీళ్ళ ట్యాంకరోణ్ణి బతిమాలి నిండా పట్టించా. నెలన్నర మా ఇంట్లో నీళ్ళకి కటకటలాడినా దీంట్లో చుక్క ముట్టలా. బడి తెరిచేనాటికి పిల్లలకుండొద్దూ?"

ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

మాస్టారు తల వంచుకున్నాడు. బడి తెరిచిన మర్నాడే ఆరుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండో తరగతి సాయిసుధ నిన్న ఆసుపత్రిలో చనిపోయింది.

"నీళ్ళ రిపోర్టు వచ్చింది పిన్నీ. ఇన్నాళ్ళు కదలకుండా ఉన్న నీళ్ళల్లో క్రిములు పెరిగినయ్. బడి తెరిచేముందు పాతనీళ్ళు వదిలేసి, ట్యాంకు కడిగి, బ్లీచింగ్ వేసి కొత్తవి పట్టాల. ఆ మాట నీకు చెప్పాల్సింది నేనే. చెప్పలా."

జాన్‌బీ బిందెలో పడిన నీళ్ళు కింద ఒంపేసింది. తర్వాత ఆ తడినేల మీదే కూలబడింది.

"ఆ పిల్ల వద్దంది సారూ," అంది మెల్లగా. "వాసనొస్తన్నయ్ మామ్మా అంది. నీళ్ళకి వంకలు పెడతావా అని నేనే కసిరి, గ్లాసుడూ తాగిచ్చా."