తోడు చుక్క

తాడు లాగగానే ఆరో అంతస్తులో గంట మోగింది. కాసేపటికి అదే తాడుకు క్లిప్పుతో తగిలించిన వీధి తలుపు తాళంచెవి ఊగుతూ కిందికి దిగింది. సూర్యావతి దాన్ని అందుకుని, ఆ దేశపు ఆడవాళ్ళ తీరున కట్టిన లుంగీ కాస్త ఎత్తిపట్టి మెట్లెక్కింది. లమ్మడా పేట సందుల్లోని పాత మేడలకు మెట్లే దిక్కు. మోకాళ్ళు మొరపెట్టుకున్నా ఆమె లెక్కచెయ్యదు. రోజు మొత్తం మీద ఎవరైనా ఆమెతో నాలుగు మాటలు మాట్లాడేది ఆ మెట్ల చివరనే.

"రామ్మా, రా" అంటూ నీలకంఠం తడుముకుంటూ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. వీధిలో అందరూ ఆయన్ని అక్కడి భాషలో మాస్టారు అన్నట్టుగా 'సయా' అని పిలుస్తారు. పెళ్ళి చేసుకోలేదు, నా అన్నవాళ్ళు లేరు. వానలకు ముందు కళ్ళలో పొరలకు ఆపరేషన్ చేయించుకున్నాడు. చేయించుకున్నా మసకమసకగానే ఉందంటాడు.

అందుకే ఆమె చేత చదివించుకోవడం. ఆయనకో నక్షత్రం పిచ్చి ఉంది. అది శ్వేత మరుగుజ్జు. ఎప్పుడో మండి ఆరిపోయి, మిగిలిన వేడితో మిణుకుమంటూ, కొన్ని నిమిషాలకోసారి వెలుగు పెరిగి మళ్ళీ తగ్గే చిన్న చుక్క. ఇండియాలో ఒక అబ్జర్వేటరీలో పనిచేసే పాత శిష్యుడు మోహనకృష్ణ ఆ వెలుగు కొలిచి అంకెలు ఆయన ఫోనుకు పంపుతాడు. ఎదురింటి సూర్యావతి మధ్యాహ్నం వచ్చి చదివితే, ఆయన వింటూ మనసులోనే లెక్క కడతాడు.

"సదవనా సయాగారూ?"

"తోడు చుక్కతో మొదలెట్టమ్మా."

మొదట్లో ఈ తోడు చుక్క సంగతి ఆమెకు అంతుబట్టలేదు. "మబ్బు తెర అడ్డొచ్చినా చుక్క వెలుగు తగ్గినట్టే అగుపిస్తాది. అందుకని పక్కనే నిలకడగా వెలిగే ఇంకో చుక్కనెట్టుకుని, దాంతో పోల్చి కొలుస్తారు. అది లేకపోతే దీని సంగతి మనకేటీ తెలీదు" అని ఆయనే విడమరిచి చెప్పాడు.

ఆమె చదువుతూంటే ఆయన కళ్ళు మూసుకుని కుర్చీ చేతి మీద వేలితో తాళం వేశాడు.

"ఎక్కతంది... ఎక్కతంది... ఇదిగో, దిగింది. అచ్చం నిన్నటిలాగే."

అవి నిన్నటివే మరి. మొన్నటివి కూడా అవే.

ఒకరోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను మోగితే ఆమె ఎత్తింది. టెలిస్కోపును వేరే పనికి ఇచ్చేశారనీ, ఇక అంకెలు రావనీ, సయాతో చెప్పమనీ మోహనకృష్ణ అన్నాడు. చెబుదామనే అనుకుంది. ఇంతలో ఆయన తల తుడుచుకుంటూ వచ్చి "కొత్తవి వచ్చేయా?" అని ఆశగా అడిగాడు. వచ్చాయనేసింది. అప్పట్నుంచి ఆఖరిసారి వచ్చిన అంకెలనే ఒక్కోరోజు ఒక్కోచోట మొదలుపెట్టి చదువుతోంది.

ఆయన బాధపడతాడన్నది పైకి చెప్పుకునే మాట. అసలు సంగతి వేరు. భర్త బుల్లియ్య పోయాక, చెల్లెలి కాపురం ఊరవతల ఇన్సేన్‌కు మారిపోయాక, ఆమె ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. కరెంటు పోతే అదీ లేదు. అంకెలే లేకపోతే, ఒంటరి ఆడది రోజూ ఒంటరి మగాడి ఇంటికి ఎందుకెక్కుతోందని వీధి ఊరుకుంటుందా? లోకుల నోటికి మూత వెయ్యడానికి ఆమెకున్నది ఆ చుక్క ఒక్కటే.

"అద్దిరిపోయింది సూర్యావతమ్మా!" నీలకంఠం తొడ చరిచాడు. "ఇన్నాళ్ళుగా ఈసమెత్తు తేడా లేదు. ఇలాటి గడియారం లోకంలోనే లేదు. మోహనకృష్ణకి రాద్దాం. ఆడు దేశదేశాల్లో అచ్చేయిస్తాడు. నేను సెప్తాను, నువ్వు టైపు సెయ్యి."

ఆమె ఫోను ఒళ్ళో పెట్టేసుకుంది.

"ఏటమ్మా, ఛార్జింగ్ లేదా?"

"సయాగారూ... నాను తప్పు సేసేను. అంకెలు రావడం మానేసి సాన్నాళ్ళయింది. మోహనకృష్ణ బాబు ఫోను సేసి మీతో సెప్పమన్నాడు. నాను దాసేసేను. రోజూ ఆ పాతవే తిప్పి తిప్పి సదివేను. మీ పేరు మీద అబద్దం అచ్చవకూడదండి."

కింద సందులో పాత సామాన్లు కొనేవాడి కేక వినిపించి దూరమైపోయింది.

"తిట్టండి సయాగారూ."

"ఎందుకు దాసేవమ్మా?"

"అంకెల్లేకపోతే ఈ మెట్లెక్కడానికి నాకు దారేటుంది?" అని ఏడ్చేసింది సూర్యావతి.

ఆయన కుర్చీలో ముందుకు వంగాడు.

"ఆ ఫోన్లో ఏళ్ళ తరబడి పాత కొలతలున్నాయి. ఎక్కడేం తప్పులున్నాయో, మొదట్నించీ సరి సూసుకోవాలి. ఈ కళ్ళతో నా వల్లయే పని కాదు. నువ్వు సదివితే నేను ఇంటాను."

"అయన్నీనా? ఎన్నాళ్ళు పడతాదండి?"

"మనిద్దరి జన్మా సరిపోదు."

ఏడుస్తున్నదల్లా నవ్వేసింది. కళ్ళు తుడుచుకుంది, టీ కప్పులు కడిగి బోర్లించింది, ఫోను ఆయన చేతికందించింది.

"రేపు పెందరాళే వస్తాను సయాగారూ."

"మెట్లు జాగర్తమ్మా."

ఆమె చెప్పుల చప్పుడు వీధి తలుపు దాటేదాకా నీలకంఠం కదలకుండా కూర్చున్నాడు. తర్వాత కుర్చీ దిండు కింద దాచిన ఆవేళ్టి పేపరు తీసి చదువుకోసాగాడు.